పురిటి గదిలో ఒక గోధుమరంగు చుక్క

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ అధికారులకు, విజయవాడ, గుంటూరు నగరాల్లో పురుళ్ళు పోస్తున్న ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల వైద్యులకు, నర్సులకు,

నమస్కారం.

నేను కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో 34 ఏళ్ళు నర్సుగా పనిచేశాను. అందులో సగానికి పైగా పురిటి గదిలోనే గడిచింది. ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. ఇన్నేళ్ళలో ఎంతమంది బిడ్డలను ఈ చేతుల్లోకి తీసుకున్నానో లెక్క రాసుకోలేదు. పుట్టిన ప్రతి బిడ్డ కళ్ళలో జబ్బు రాకుండా ఆపే మందు చుక్క వేయించమని అడగడానికి రాస్తున్న ఈ లేఖ మాత్రం ఒక్క బిడ్డ గురించి మొదలవుతుంది.

మా పక్కింటి వాళ్ళ అమ్మాయిని నందిగామ వైపు ఇచ్చారు. తొలి కాన్పు కాబట్టి సీమంతం చేసి పుట్టింటికి తీసుకువచ్చారు. నగరంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో సుఖప్రసవమైంది. మగబిడ్డ, 2 కిలోల 900 గ్రాములు. మూడో రోజు మధ్యాహ్నం గుమ్మంలో హారతి ఇచ్చి బిడ్డను లోపలికి తెచ్చారు. నేనూ వెళ్ళి ఎత్తుకున్నాను. కుడి కంటి రెప్ప కాస్త ఉబ్బినట్టు కనిపించింది. పురిటి ఒత్తిడికి అలా ఉండటం మామూలే కదా అనుకున్నాను. రెప్ప విప్పి చూడలేదు. పురిటి గదిలో అంతకాలం పనిచేసిన మనిషిని, చేతిలో బిడ్డను పెట్టుకుని కూడా రెప్ప విప్పి చూడలేదు. ఆ తప్పు నాది. దాన్ని దాచుకుని మీకు ఉత్తరం రాయడం న్యాయం కాదు.

నాలుగో రోజు పొద్దున్న బిడ్డ కళ్ళు రెండూ అంటుకుపోయాయి. అమ్మమ్మ చనుబాలు పిండి, మెత్తటి గుడ్డతో తుడిచింది. సాయంత్రానికి చిక్కటి పసుపుపచ్చ చీము. ఇంట్లో మగవాళ్ళు మందుల షాపుకు వెళ్ళి 'పసిబిడ్డకు కళ్ళు కలిశాయి' అని చెప్పి ఒక చుక్కల మందు తెచ్చారు. తర్వాత ఆ సీసా నేను చూశాను. అందులో స్టెరాయిడ్ ఉంది. పురుడు వెళ్ళే దాకా పసిబిడ్డను గడప దాటించకూడదన్న పట్టింపుతో ఇంకో రోజున్నర ఆగారు. ఆరో రోజు రాత్రి నన్ను పిలిచారు. రెప్పలు విడదీయబోతే వెనక నిలిచిన చీము చిమ్మింది. కుడి కంటి నల్లగుడ్డు మెరుపు పోయి, పాలు కలిపిన నీళ్ళలా బూడిద రంగులో ఉంది.

ఆ రాత్రే ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. చీము పరీక్షకు పంపారు, ఇంజెక్షన్ ఇచ్చారు, గంట గంటకూ సెలైన్‌తో కళ్ళు కడిగారు. ఎడమ కన్ను దక్కింది. కుడి కంట్లో పువ్వు మిగిలింది. ఇప్పుడు వాడికి రెండేళ్ళు. నన్ను చూడాలంటే మొహం కుడి పక్కకు తిప్పి, ఎడమ కంటిని ముందుకు తెచ్చుకుని చూస్తాడు. అలా చూడాలని వాడికి ఎవరూ నేర్పలేదు.

బిడ్డ డిశ్చార్జి కాగితం తీసి చూశాను. బరువు రాశారు. బీసీజీ, పోలియో, హెపటైటిస్ బి టీకాలు వేసినట్టు రాశారు. కళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. పుట్టినప్పుడు కళ్ళలో ఏమైనా వేశారా అని ఆ నర్సింగ్ హోమ్‌కు వెళ్ళి అడిగితే, 'ఈ రోజుల్లో అవేవీ అవసరం లేదమ్మా, అంతా శుభ్రంగానే ఉంటుంది' అన్నారు. వాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఇలాంటి జవాబు ఎన్ని చోట్ల వస్తుందో నాకు తెలుసు. ఒకరిని బజారుకీడిస్తే మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారే తప్ప పద్ధతి మారదు.

అసలు విషయానికి వస్తాను. మీలో చాలామందికి నాకంటే బాగా తెలిసినదే. ఈ లేఖ బయటివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి కొంచెం విడమర్చి చెబుతాను.

పుట్టిన 28 రోజుల లోపు బిడ్డకు వచ్చే కళ్ళకలకను వైద్యులు ప్రత్యేకమైన జబ్బుగానే లెక్కిస్తారు. పెద్దవాళ్ళ కళ్ళకలకలా నాలుగు రోజుల్లో అదే పోతుందని దీన్ని వదిలేయడానికి వీల్లేదు. బిడ్డ పుట్టే దారిలో తల్లి శరీరంలో ఉన్న క్రిములు కంటికి అంటుకుంటాయి. వాటిలో గొనోరియా అనే సుఖవ్యాధి క్రిమి అన్నిటికంటే ప్రమాదకరం. సాధారణంగా రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు బయటపడుతుంది. రెప్పలు వాచిపోతాయి, చీము ధారగా వస్తుంది. మిగతా క్రిములు చాలావరకు కంటి మీద గీతో పుండో ఉంటేనే లోపలికి దూరుతాయి. దీనికి ఆ అవసరం లేదు. నిక్షేపంలాంటి నల్లగుడ్డును కూడా తొలుచుకుపోగలదు, ఒక్కోసారి 24 గంటల్లోనే. చికిత్స అందని తల్లి నుంచి ప్రసవంలో బిడ్డ కంటికి ఇది సోకే అవకాశం వందకు 30 నుంచి 50 దాకా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. క్లమీడియా అనే మరో క్రిమి ఐదో రోజు తర్వాత, రెండో వారంలో ఎక్కువగా కనిపిస్తుంది. అది కంటిని అంత త్వరగా తినేయదు కానీ కొందరు బిడ్డల్లో ఊపిరితిత్తుల దాకా వెళ్ళి న్యుమోనియా తెస్తుంది. ఇవి కాక చర్మం మీద, గాలిలో, మన చేతుల మీద ఉండే మామూలు క్రిములు కూడా కారణమవుతాయి. పుసి కట్టిన ప్రతి కన్నూ గొనోరియా కాదు. కన్నీటి నాళం పూర్తిగా తెరుచుకోక, కన్ను ఎర్రబడకుండా ఊరికే నీరు కారే బిడ్డలు ఎంతోమంది ఉంటారు. ఈ తేడా చెప్పాల్సింది కన్ను విప్పి చూసిన వైద్యుడు. మందుల షాపులో కౌంటరు వెనక నిలబడ్డ కుర్రవాడు కాదు.

దీనికి అడ్డుకట్ట నిన్నమొన్న కనిపెట్టినది కాదు. జర్మనీలోని లైప్‌జిగ్ ప్రసూతి ఆసుపత్రిలో కార్ల్ క్రెడే అనే వైద్యుడు 1880 ప్రాంతంలో పుట్టిన ప్రతి బిడ్డ కళ్ళు తుడిచి, గాజు పుల్లతో 2 శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒక్కో చుక్క వేయించాడు. అంతకు ముందు అక్కడ వంద మందిలో పదిమందికి వస్తున్న జబ్బు, వందకు ఒకరి కంటే తక్కువకు పడిపోయింది. అప్పటికి క్రిములను చంపే యాంటీబయాటిక్ మందులు లేనే లేవు. పెన్సిలిన్ ఆసుపత్రులకు రావడానికి ఇంకా అరవై ఏళ్ళు ఉంది. ఒక్క చుక్క ఎంతమంది పిల్లలను అంధుల బడి మెట్లు ఎక్కకుండా ఆపిందో ఆలోచించండి.

నేను శిక్షణలో ఉన్న రోజుల్లో మా పెద్ద సిస్టర్ పురిటి ట్రేలో బొడ్డు క్లిప్పుల పక్కన నల్ల సీసా ఒకటి పెట్టించేవారు. సిల్వర్ నైట్రేట్ చుక్కలు. వాటితో ఇబ్బంది ఉండేది, నిజమే. ఆ మందుకే బిడ్డ కళ్ళు ఒక రోజు ఎర్రబడి ఉబ్బేవి. సీసాలో నీరు ఆవిరై మందు చిక్కబడితే కన్ను కాలే ప్రమాదం. అందుకని ఆ సీసా ట్రే నుంచి మెల్లగా మాయమైంది. దాని స్థానంలో మరొకటి తెచ్చి పెట్టాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. కొన్ని ఆసుపత్రుల్లో ఆయింట్‌మెంట్ రాసేవాళ్ళు, కొన్నిచోట్ల ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళ ఇష్టం. ఇప్పటికీ నేను చూసినంతలో పరిస్థితి అదే.

ఇక అయోడిన్ సంగతి. పోవిడోన్ అయోడిన్ లేని ఆసుపత్రి ఉండదు. గాయానికి పూసే ఆ గోధుమరంగు మందు అందరికీ తెలుసు. ఇంట్లో తాతయ్యకు శుక్లాల ఆపరేషన్ చేసేటప్పుడు కత్తి పెట్టే ముందు కంట్లో వేసేది కూడా ఈ అయోడినే, 5 శాతం ద్రావణం. లోపలికి క్రిములు పోకుండా కాపాడటంలో దానికి సాటి లేదని కంటి వైద్యులు దశాబ్దాలుగా దాన్నే నమ్ముకున్నారు. తాతయ్య కంటికి ఇంత జాగ్రత్త తీసుకునే మనం, అదే వీధిలో అదే వారం పుట్టిన మనవడి కంటికి ఎందుకు తీసుకోలేకపోతున్నాం?

1995లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో షెర్విన్ ఐజెన్‌బర్గ్, ఆయన సహచరులు ఒక పరిశోధన ఫలితాలు ప్రచురించారు. కెన్యాలో 3,117 మంది నవజాత శిశువులను మూడు వర్గాలుగా చేసి, ఒకరికి 2.5 శాతం పోవిడోన్ అయోడిన్, ఒకరికి 1 శాతం సిల్వర్ నైట్రేట్, ఒకరికి 0.5 శాతం ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంట్ వాడారు. క్రిముల వల్ల కళ్ళకలక వచ్చినవాళ్ళు అయోడిన్ వర్గంలో 13.1 శాతం, ఎరిత్రోమైసిన్‌లో 15.2 శాతం, సిల్వర్ నైట్రేట్‌లో 17.5 శాతం. క్లమీడియా విషయంలో తేడా ఇంకా స్పష్టం: అయోడిన్‌తో 5.5 శాతం, సిల్వర్ నైట్రేట్‌తో 10.5 శాతం. గొనోరియా దగ్గర మాత్రం మూడు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది గమనించాలి. అయోడిన్ మంత్రజలమని నేను చెప్పడం లేదు. ఆ చుక్క పడిన బిడ్డల్లో కూడా కొందరికి జబ్బు వచ్చింది. అయినా మిగతా రెండింటికంటే ఏ విధంగానూ తీసిపోలేదు, కొన్ని చోట్ల మెరుగ్గా ఉంది, ఖర్చు తక్కువ.

నా మనసుకు అన్నిటికంటే నచ్చింది మరో రెండు గుణాలు. ఒకటి, క్రిములు దీనికి అలవాటు పడవు. గొనోరియా క్రిమి మొదట పెన్సిలిన్‌కు లొంగడం మానేసింది, తర్వాత టెట్రాసైక్లిన్‌కు, ఆ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్‌కు. నా ఉద్యోగకాలంలోనే ఇవన్నీ జరిగాయి. అయోడిన్ క్రిమిని ఒకే చోట కాకుండా అన్ని వైపుల నుంచీ దెబ్బతీస్తుంది కాబట్టి తప్పించుకునే దారి వెతుక్కోవడం దానికి చేతకాదు. రెండోది రంగు. చుక్క పడగానే బిడ్డ కన్ను, రెప్ప అంచులు కాసేపు గోధుమరంగులో కనిపిస్తాయి, కొన్ని నిమిషాలకు పోతుంది. ఆయింట్‌మెంట్ రాశారో లేదో కేస్ షీటు చూస్తేనే తెలుస్తుంది, కేస్ షీటు ఎలా నింపుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నైట్ డ్యూటీలో ఆరు కాన్పులు వరసగా వచ్చినప్పుడు, ఇద్దరే సిస్టర్లు ఉన్నప్పుడు, తెల్లవారాక అందరి కాగితాల్లో ఒకేసారి టిక్కులు పెట్టిన చేతుల్లో నావీ ఉన్నాయి. రంగు పడిన కన్ను అబద్ధం చెప్పదు. బయట వరండాలో కూర్చున్న అమ్మమ్మ కూడా చూసి 'మందు వేశారమ్మా' అని చెప్పగలుగుతుంది.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. పుట్టిన ప్రతి బిడ్డకూ కళ్ళలో నివారణ మందు వేయాలని చెప్పి, ఐదింటిలో ఏదో ఒకటి ఎంచుకోమంది: 1 శాతం టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్, 0.5 శాతం ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంట్, నీటిలో కలిపిన 2.5 శాతం పోవిడోన్ అయోడిన్, 1 శాతం సిల్వర్ నైట్రేట్, 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్. మీరు అయోడినే ఎంచుకోవాలని నా పట్టుదల కాదు. క్లోరాంఫెనికాల్ ఆప్లికాప్‌లు, అంటే ఒక్కసారి వాడి పారేసే చిన్న మందు గొట్టాలు, మన వీధి చివరి షాపులోనే దొరుకుతాయి, అవి వాడతామంటే సంతోషమే. ఏదో ఒకటి ఎంచుకుని, అన్ని ఆసుపత్రులకూ ఒకే మాటగా చెప్పండి. నన్నడిగితే మాత్రం అయోడిన్ అంటాను, పైన చెప్పిన రెండు కారణాలకు.

'బ్రిటన్‌లో ఇలా వేయడం ఎప్పుడో మానేశారు, కెనడా పిల్లల వైద్యుల సంఘం కూడా 2015లో అక్కర్లేదని చెప్పింది' అని మీలో కొందరు అంటారు. నిజమే. కెనడా సంఘం చెప్పిన దారి ఇంకా మంచిది: గర్భిణిగా ఉన్నప్పుడే తల్లికి గొనోరియా, క్లమీడియా పరీక్షలు చేసి, ఉంటే మందులిచ్చి, బిడ్డకు అంటే ముప్పే లేకుండా చేయడం. బ్రిటన్‌లో తల్లి ఇంటికి వెళ్ళాక మిడ్‌వైఫ్, అంటే పురుళ్ళు పోసే నర్సు, ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూసి వెళ్తుంది. మన దగ్గర గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేస్తున్నాం. గొనోరియా, క్లమీడియా ఆ వరసలో లేవు. వాళ్ళు మానేసిన చుక్కను మనమూ మానేసి, కెనడా సంఘం చెప్పిన పరీక్షనూ మొదలుపెట్టకపోతే, ఇంటికి వచ్చి చూసే మనిషీ లేకపోతే బిడ్డకు మిగిలేది ఏమిటి?

ఇక్కడ ఒక మాట కొంచెం నిదానంగా చెప్పాలి. మీ అందరికంటే ఎక్కువగా ఇది నర్సులకు తెలుసు.

మా పక్కింటి బిడ్డ చీములో గొనోరియా క్రిమి ఉందని రిపోర్టు వచ్చాక, తల్లిదండ్రులిద్దరికీ పరీక్షలు చేయించి మందులు వాడాలని వైద్యులు చెప్పారు. చెప్పాల్సిందే. ఆ మాట ఆసుపత్రి గదిలో, అత్తగారు, ఆడపడుచు నిలబడి ఉండగా చెప్పారు. ఆ తర్వాత ఆ అమ్మాయి పడిన మాటలు నేను ఇక్కడ రాయలేను. ఆడవాళ్ళలో ఈ జబ్బు చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండా ఉంటుంది. తనకు ఉందని ఆమెకు తెలియదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. బాలింతగా, కుట్లు మానకుండా, పాలు పడుతూ, బిడ్డ కన్ను పోతుందేమో అన్న భయంతో ఉన్న పిల్లను కుటుంబమంతా ముద్దాయిని చేసింది. భర్తను ఎవరూ ఏమీ అడగలేదు.

పుట్టిన ప్రతి బిడ్డకూ చుక్క వేస్తే ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. ధనవంతుల బిడ్డ, పేదవాళ్ళ బిడ్డ, సూర్యారావుపేటలో పుట్టిన బిడ్డ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ, అందరికీ ఒకే చుక్క. పోలియో చుక్కలు వేసేటప్పుడు మీ ఇంటి నీళ్ళు మంచివేనా అని మనం అడగం కదా. సిజేరియన్ బిడ్డలనూ వదలకూడదు. ఉమ్మనీరు ముందే పోయి గంటలు గడిచాక ఆపరేషన్ చేసిన బిడ్డకు కింద నుంచి క్రిములు పైకి చేరే వీలుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వంద కాన్పుల్లో 42 సిజేరియన్లే. వాళ్ళను పక్కన పెడితే దాదాపు సగం మంది బిడ్డలను పక్కన పెట్టినట్టు.

అదే సర్వే మరో సంగతి కూడా చెబుతోంది. వందకు 96 మందికి పైగా మన రాష్ట్రంలో ఆసుపత్రిలోనే పుడుతున్నారు. కొండ మీది తండాలకు మందు మోసుకెళ్ళాల్సిన పని కాదు ఇది. బిడ్డలే మీ దగ్గరికి వస్తున్నారు. పుట్టిన మొదటి గంటలో ఒక సిస్టర్ చేతిలో ఉంటున్నారు.

అయోడిన్ అనగానే థైరాయిడ్ గురించి భయపడేవాళ్ళు ఉన్నారు. ఆ భయానికి ఆధారం ఉంది, కొట్టిపారేయను. పసిబిడ్డ చర్మం పల్చన. నెలలు నిండని బిడ్డల ఒంటికి రోజూ అయోడిన్ పూస్తే అది లోపలికి ఇంకి థైరాయిడ్ పనిని కొంతకాలం మందగింపజేయవచ్చు. ఒక్కో కంట్లో ఒకే ఒక్క చుక్క, ఒకే ఒక్కసారి వేయడం వేరు. రెండోసారి వేయడం వల్ల అదనపు లాభం కనిపించలేదని అదే ఐజెన్‌బర్గ్ బృందం తర్వాతి పరిశోధనలో చెప్పింది. కాబట్టి 'మంచిదే కదా, ఇంకో చుక్క' అనే ధోరణి వద్దు. బొడ్డుకు రోజూ అయోడిన్ పూసే అలవాటు మన నర్సింగ్ హోమ్‌లలో ఇంకా ఉంది, దాన్ని ఆపండి. బొడ్డును శుభ్రంగా, పొడిగా ఉంచితే చాలు. నెలలు బాగా తక్కువైన బిడ్డలకు ఏ మందు వాడాలో పిల్లల వైద్యులు విడిగా నిర్ణయించాలి.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఈ లేఖ చదివి ఎవరో ఒకరు ఇంట్లో ఉన్న గాయాల సీసా తీసి, నీళ్ళు కలిపి, బిడ్డ కంట్లో వేస్తారేమోనని. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. గాయాలకు వాడేది ఎక్కువగా 5 లేదా 10 శాతం ఉంటుంది, అది కంటి కోసం తయారు చేసినది కాదు. సర్జన్లు చేతులు కడుక్కునే 7.5 శాతం స్క్రబ్‌లో సబ్బు కలిసి ఉంటుంది, అది నల్లగుడ్డును పాడు చేస్తుంది. స్పిరిట్ కలిసిన అయోడిన్ కంట్లో పడితే కాలుతుంది. బిడ్డ కంటికి కావలసింది నీటిలో తయారైన, క్రిమిరహితమైన 2.5 శాతం ద్రావణం, కంటి మందుగా ముద్ర ఉన్నది. హడావుడిలో సిస్టర్ తప్పు సీసా అందుకునే ప్రమాదం ఆసుపత్రిలోనూ ఉంది. అందుకే పురిటి ట్రేలో స్క్రబ్ సీసా, కంటి సీసా పక్కపక్కన ఉండకూడదు. రంగు ఒకటే కాబట్టి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. వీలైతే ఒక బిడ్డకు ఒక చిన్న గొట్టం చొప్పున, వాడి పారేసేలా సరఫరా చేయించండి. ప్రభుత్వ మందులు కొనే సంస్థ తలుచుకుంటే ఇది పెద్ద పని కాదు.

వేయడం ఎలాగో సిస్టర్లకు నేను చెప్పనక్కర్లేదు కానీ, కొత్తగా చేరిన పిల్లల కోసం రాస్తున్నాను. బిడ్డను తుడిచి తల్లి గుండెల మీద పెట్టండి. తొలి పాలు పట్టనివ్వండి. తల్లి మొహాన్ని బిడ్డ మొదటిసారి చూసే సమయం అది, దానికి అడ్డు రాకండి. గంట లోపు చుక్క వేస్తే చాలు. చేతులు కడుక్కుని, ఒక్కో కంటికి ఒక్కో దూదితో ముక్కు వైపు నుంచి చెవి వైపు తుడవండి. కింది రెప్పను మెల్లగా కిందికి లాగి, సీసా మూతి కంటికి గానీ రెప్ప వెంట్రుకలకు గానీ తగలకుండా ఒక చుక్క వేయండి. కన్ను మూసుకున్నాక చెంప మీదికి జారినది తుడవండి. రెండో కన్ను. ఆ తర్వాతే కేస్ షీటులో సమయం రాసి సంతకం పెట్టండి, ముందు కాదు.

చుక్క వేశాం, పని అయిపోయింది అని అనుకోవడానికీ లేదు. సుఖప్రసవమైన తల్లిని 48 గంటలకు ఇంటికి పంపుతున్నాం. గొనోరియా కళ్ళకలక బయటపడేది సరిగ్గా ఆ తర్వాతే. ఆసుపత్రి ఆ కంటిని చూడదు, ఇల్లు ఆ కంటిని గుర్తుపట్టదు. మధ్యలో ఉన్న మనిషి ఆశా కార్యకర్త. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆమె 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలన్నది కార్యక్రమం. మూడో రోజు సందర్శన ఎంత ముందుచూపుతో పెట్టారో చూడండి. మా పక్కింటికి మూడో రోజు ఎవరూ రాలేదు. కారణం ఆశాల బద్ధకం కాదు. అమ్మాయి పేరు అత్తింటి ఊరి ఆశా పుస్తకంలో ఉంది. బిడ్డ పుట్టింటి వీధిలో ఉన్నాడు. నందిగామ వైపు ఆశాకు బిడ్డ అక్కడ లేడు, సత్యనారాయణపురం ఆశాకు ఆ బిడ్డ పుట్టినట్టే తెలియదు. తొలి కాన్పుకు పుట్టింటికి రావడం తరతరాల ఆచారం. మన పుస్తకాలే ఆ ఆచారానికి తగ్గట్టు మారాలి. ప్రసవమైన రోజే తల్లి ఏ ఇంటికి వెళ్తుందో అడిగి, ఆ వీధి ఆశాకు, ఏఎన్ఎంకు ఫోనులో సమాచారం వెళ్ళే ఏర్పాటు చేయండి. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లకూ ఇది వర్తించాలి. ప్రైవేటులో పుట్టిన బిడ్డలే ఎక్కువగా ఇలా జారిపోతున్నారని నా అనుభవం.

డిశ్చార్జి కాగితంలోనూ, మాతా శిశు రక్షణ కార్డులోనూ రెండు పంక్తులు చేర్చండి. పుట్టినప్పుడు కంటి చుక్క వేశారా, ఏ మందు, ఎన్ని గంటలకు. ఇంటికి పంపే ముందు రెప్పలు విప్పి చూశారా, చూసింది ఎవరు. అంతే. ఈ రెండో పంక్తి కోసం నేను మరీ మరీ అడుగుతున్నాను. 'విప్పి' అన్న మాట తీసేయకండి.

మందుల షాపుల వాళ్ళకు, ఔషధ నియంత్రణ అధికారులకు ఒక విన్నపం. నెల లోపు బిడ్డకు కళ్ళలో చీము అని ఎవరు వచ్చినా మందు ఇవ్వకుండా ఆసుపత్రికి పంపండి. స్టెరాయిడ్ కలిసిన చుక్కలతో ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల క్రిమి పెరుగుతుంది. పైగా గొనోరియాకు గానీ క్లమీడియాకు గానీ చుక్కల మందు ఒక్కటే చాలదు. ఒకదానికి ఇంజెక్షన్ కావాలి, ఇంకోదానికి నోటి ద్వారా మందు కావాలి. మూడు రోజుల ఆలస్యానికి మా బిడ్డ ఒక కన్ను ఇచ్చాడు.

అమ్మమ్మలను, నాయనమ్మలను నేను తప్పు పట్టను. వాళ్ళ చేతుల మీదే మనమంతా పెరిగాం. కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, బిడ్డకు హాయిగా నిద్ర పట్టించే ఆ చేతులకు ఏ నర్సూ సాటి రాదు. అమ్మా, మీకు చెప్పేది ఇంతే: కాటుక కంట్లో పెట్టకండి, చనుబాలు బిడ్డ నోటికే పోనివ్వండి, కంట్లో ఆముదం వేయకండి. రెప్పలు వాచినా, చీము కనిపించినా పురుడు వెళ్ళే దాకా ఆగకండి. ఆ పూటే బయల్దేరండి. పసిబిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు ఉచితం. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి ఆ హక్కు మీకుంది.

అధికారులకు మళ్ళీ ఒక్క మాట. రిపోర్టులో గొనోరియా వస్తే, ఆ మాట తల్లికి చెప్పే పద్ధతి రాతపూర్వకంగా నిర్ణయించండి. గది తలుపు వేసి, ముందు ఆమెకు ఒంటరిగా, తర్వాత ఆమె ఒప్పుకుంటే భర్తకు చెప్పాలి. ఇద్దరికీ ఒకే రోజు మందు ఇవ్వాలి. చుట్టాల ముందు ఆ మాట ఎత్తకూడదు.

ఈ చుక్క ఎలా వేయాలో నేర్పడానికి ఎవరూ లేరని ఏ ఆసుపత్రి అయినా అంటే, నన్ను పిలవండి. విజయవాడ అయినా గుంటూరు అయినా బస్సు ఎక్కి వస్తాను. బుధ, శనివారాల్లో పొద్దున మా వీధి ఆరోగ్య కేంద్రంలో టీకాలకు వచ్చే తల్లుల దగ్గర కూర్చుంటున్నాను, బిడ్డల రెప్పలు విప్పి చూస్తున్నాను. మిగతా రోజులన్నీ ఖాళీయే.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక పురిటి గది నర్సు,
సత్యనారాయణపురం, విజయవాడ